ఢిల్లీరావు తుమ్మితే పడిపోయిన మార్కెట్టు

పలాసలో ఎక్స్‌ప్రెస్ దిగి, పాసింజరెక్కి, పోలారావు పూండి చేరేసరికి పొద్దు వాలుతోంది. రెండేళ్ల తర్వాత సొంత నేల మీద కాలు పెట్టాడు. స్టేషన్ రోడ్డులో నాలుగడుగులు వేశాడో లేదో, రత్నాలమ్మ టీ కొట్టులోంచి వాళ్ల బావ ఢిల్లీరావు గొంతు వినబడింది.

"ఇరవై వేలురా! ఇరవై వేలు సేత్తో అట్టుకుని ఎల్లినాను నాను. ఆ ఆఫీసు మెట్లెక్కీసరికి మెట్లే కదిలిపోనాయి!"

బెంచీల మీద జనం గొల్లుమన్నారు.

పోలారావు బ్యాగు కింద పెట్టి, కొట్టు పక్క తడిక దగ్గరే ఆగిపోయాడు. ఆ ఇరవై వేలూ అతనివే. వెరావల్‌లో గుజరాతీ చేపల బోటు యజమాని దగ్గర అడ్వాన్సు పట్టి, తోడబుట్టిన అప్ప కుమారికి కిడ్నీల జబ్బని తెలిసిన వారంలోనే పంపాడు. విశాఖపట్నం తీసుకెళ్లి డయాలసిస్ పెట్టించి రక్తం కడిగించమన్నాడు. బావ ఆ డబ్బు కాశీబుగ్గలో షేర్ల ఆఫీసులో పెట్టి పోగొట్టాడనీ, ఆ వానాకాలంలోనే అప్ప పోయిందనీ సముద్రం మీంచి తిరిగొచ్చాక ఊరివాడొకడు ఫోన్లో చెప్పాడు. అడ్వాన్సు తీరేదాకా యజమాని కదలనివ్వలేదు. చివరి చూపూ లేదు, పెద్దకర్మా లేదు. మూడు రోజులు రైల్లో ఒక్కటే మాట నోట్లో తిప్పుకుంటూ వచ్చాడు. "మా అప్పని నువ్వే సంపీసినావు బావా." పదిమందిలోనే అనాలనుకున్నాడు. ఇప్పుడు పదిమందీ ఉన్నారు.

"ఫ్యూచరంటే ఏటో ఎరికా మీకు?" ఢిల్లీరావు గ్లాసు పైకెత్తి అడుగుతున్నాడు. మనిషి చిక్కి సగమయ్యాడు గానీ గొంతు మాత్రం అలాగే ఉంది. "జీడిపూత ఇంకా సెట్టు మీద ఉండగానే షావుకారొచ్చి పిక్కలకి బేరమాడీడూ? అలగ. కాకపోతే ఇక్కడ సెట్టూ ఉండదు, పూతా ఉండదు, ఒట్టి రేటే. ఇరవై వేలు కడితే లక్ష రూపాయల సరుకు ఆడనిత్తారు. పొద్దున్న కొనీడం, సాయంత్రానికి అమ్మీడం."

"మరి పోతే?" గున్నయ్య అడిగాడు. కొబ్బరికాయలు ఒలిచే ముసలాయన, ఆ బెంచీకి శాశ్వత సభ్యుడు.

"పోవడమేటి గున్నయ్య మావా, నాకు పోవడమేటి! మొదటి రోజు కొన్నాను. టీ తాగీలోపల నాలుగొందలు."

అంతవరకూ నిజమే. ఆ నాలుగొందలు ఎక్కడివో చెప్పలేదు గానీ, వాటి సంగతి అప్ప ఫోన్లో తనే చెప్పింది. "మీ బావ నాకు సీర కొన్నాడురా" అని నవ్వింది కూడా.

"రెండో రోజు నాలుగు వేలు. మూడో రోజుకి ఆఫీసు ఓనరు లేసి తన కుర్సీ నాకిచ్చీసినాడు, ఆయన స్టూలు మీద కూకున్నాడు. కంపూటర్లో అంకెలు ఎర్రగా ఉన్నాయనుకో, నాను ఎదర కూకుంటే సాలు, సిగ్గుపడి పచ్చబడిపోయేవి. ఆ పచ్చటి ఎలుగు కిటికీలోంచి బయట పడితే మేకలొచ్చి గోడలు నాకీవి! ఆ తర్వాత ఏటైందో ఎరికా?"

"సెప్పు, సెప్పు."

"బొంబాయి నుంచి ఫోను. 'ఢిల్లీరావు గారండీ, తమరు రెండు రోజులు ఊరుకోండి, తమరు కొనీగా మాకు కొండానికేటీ మిగలట్లేదు' అని. సరే పాపం అని అంతా అమ్మీసి ఊరుకున్నాను. ఊరుకున్నోడిని ఊరుకోకుండా, ఆ జనవరి మంచుకి జలుబు సేసి ఒక్క తుమ్ము తుమ్మీసినాను. అంతే! మార్కెట్టు దబ్బున పడిపోనాది. టీవీలో అమెరికా అన్నారు, అదన్నారు, ఇదన్నారు. అమెరికా కాదు, ఏటీ కాదు. నా తుమ్ము!"

నవ్వి నవ్వి గున్నయ్యకి పొలమారింది. రత్నాలమ్మ స్టవ్వు తగ్గించి, "అయితే దేశమంతా నీ ముక్కు మీదే ఆడినాదన్నమాట" అంది.

ఆ తుమ్ము వెనకున్న నిజం, ఊరివాడు ఫోన్లో చెప్పింది, తడిక పక్కనున్న పోలారావుకి తెలుసు. ఆ జనవరి పొద్దుటే మొత్తం పోయింది. ఆఫీసు తెరిచిన గంటలో.

"నవ్వకండి, ఎండి రైలు సంగతి ఇనండి. నాను ఎండి కూడా కొన్నాను, కాలి పట్టీలు సేసీ ఎండి. గడువులోగా అమ్మీయాల, నేకపోతే సరుకే పంపిత్తారు. నాను మరిసిపోనాను. ఒకరోజు పొద్దున్న సూత్తే మన పూండి స్టేషన్లో గూడ్సు బండి, యాభై పెట్టెలు, నిండా ఎండి! దించడానికి సోటేది? గేటు పడిపోనాది, మెయిళ్లన్నీ పలాసలో ఆగిపోనాయి. స్టేషన్ మాస్టరు సేతులు జోడించి 'ఢిల్లీరావు బాబూ, ఎండకి మెరుత్తంటే డైవర్లకి కళ్లు కనపడట్లేదు' అన్నాడు. మరేటి సేత్తాను, ఎనక్కి పంపీసినాను. ఒక్క పెట్టె ఉంచీసుకున్నాను."

"ఒక్క పెట్టెతో ఏటి సేసినావు?" ఎవరో అందించారు.

ఢిల్లీరావు గ్లాసు రెండు చేతుల మధ్య తిప్పాడు. మళ్లీ మొదలెట్టేసరికి గొంతు కొంచెం తగ్గింది.

"రక్తం కడిగీ మిషను కొన్నాను. కుమారికి. విశాఖపట్నం ఎల్లీవోళ్లం కదా, తెల్లారగట్ల నెగిసి, బండిలో నిలబడి... ఆ బాధ నేకుండా ఇంట్లోనే పెట్టించీసినాను. పక్కింటామె ఒచ్చి నాకూ అన్నాది. కాదంటామా? ఇంకొకటి కొన్నాను. ఆ తర్వాత ఊరికొకటి. మన ఉద్దానంలో కొబ్బరి సెట్టు సెట్టుకీ మిషనే! ఈ నీళ్ల వల్లే జబ్బన్నారని, మంచి నీళ్లు మహేంద్రగిరి కొండ మీంచి గొట్టాల్లో తెప్పించినాను. ఎవరూ పోలేదు. ఆ యేడు మన ఊళ్లలో ఒక్క మనిషి పోలేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. గున్నయ్య కండువా దులుపుకుని లేచాడు. ఇంకో ఇద్దరు చిల్లర బల్ల మీద పెట్టి లేచారు. రోజూ కథ ఇక్కడికొచ్చేసరికి లేచిపోయేవాళ్లలా లేచారు.

"ఆ తర్వాత ఏటైందో ఎరికా? డాకటరు దాని రక్తం సూసి 'ఇంత మంచి రక్తం నా సర్వీసులో సూడనేదమ్మా' అన్నాడు. మొకం నిండుగా అయిపోనాది. నిన్న పొద్దున్న జీడితోటలో పిక్కలేరతంది. నాను ఎనకాల బుట్ట అట్టుకుని... అందుకోలేకపోనాను. అంత బేగి నడిసేస్తంది."

పోలారావు తడిక దాటి ముందుకొచ్చాడు. ఢిల్లీరావు తలెత్తి చూశాడు. గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత గ్లాసు బల్ల మీద పెట్టి, బెంచీ మీద పక్కకి జరిగి చోటిచ్చాడు.

రైల్లో తిప్పుకుంటూ వచ్చిన మాట పోలారావు నోటిదాకా వచ్చింది. ఎదురుగా ఉన్న మొహం చూశాక ఆ మాట బయటికి రాలేదు. వేరే మాట వచ్చింది.

"నిన్న కనబడిందన్నావు కదా బావా. నా గురించి ఏటైనా అడిగిందా అప్ప?"

రత్నాలమ్మ స్టవ్వు ఆపేసింది.

ఢిల్లీరావు నోరు తెరిచాడు. ఎంత రైలునైనా తెప్పించగలిగిన నోరు అది. చిన్నగా, ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు అన్నాడు.

"అడగనేదురా. సచ్చిపోనాది కదా."

అన్నాక, ఆ మాట మొదటిసారి తన చెవిన పడ్డట్టు అటూ ఇటూ చూశాడు. వెళ్లబోతున్న గున్నయ్య వెనక్కి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. పోలారావు వైపు తిరిగి, "మేం ఆ మాట ఎప్పుడూ అడగం బాబూ" అన్నాడు. కసురుకున్నట్టు కాదు, తప్పు తమదే అన్నట్టు.

"నేదు మావా, అడగనీ. ఆడు అడగాల." ఢిల్లీరావు లుంగీ అంచుతో మొహం తుడుచుకున్నాడు. "అది బతికున్నప్పుడు అడిగింది, రోజూ. 'డబ్బు పోనాదని తమ్ముడికి సెప్పకు, నీళ్ల మీద ఉంటాడు, మనసు పాడైపోద్ది' అంది. రక్తం కడిగించడానికి ఇరవై వేలు నాలుగు నెలలకి కూడా రావురా, చార్జీలూ మందులూ అంతా కలిపి. నాలుగు నెలలేటని... దానికి యాభై ఏళ్లు కొందామనుకున్నాను."

పోలారావు పక్కన కూలబడ్డాడు. ఇద్దరి భుజాలూ తగిలాయి. ఏడుపు అతనికే ముందొచ్చింది. వెరావల్‌లో కబురు తెలిసిన రోజు కూడా, తోటివాళ్ల ముందు వలలు సర్దుకుంటూ ఆపుకున్న ఏడుపు అది. రత్నాలమ్మ ఇద్దరికీ అటువైపు తిరిగి నిలబడి, కడిగిన గ్లాసులే మళ్లీ కడిగింది.

దీపాలు పెట్టే వేళకి పోలారావు బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు.

"ఎక్కడ కాల్సినారు బావా?"

"సముద్రం ఒడ్డున. సరుగుడు తోట అవతల."

"సూపించు."

ఢిల్లీరావు బెంచీ కింద చెప్పుల కోసం తడుముకున్నాడు. ఒకటి దొరికింది, రెండోది దొరకలేదు. పోలారావు వంగి రెండోది వెతికి తీసి అతని కాలి దగ్గర పెట్టాడు. ఇద్దరూ రోడ్డెక్కారు. తోటలు దాటి తీరం చేరేదాకా ఢిల్లీరావు ముందు నడిచాడు, పోలారావు అతని అడుగులో అడుగు వేశాడు.