పసుపు లైటు

పలాసలో ఒక షెడ్డు. ఈమధ్యే కొన్న పాత కారుకు అటు మెకానిక్కు, ఇటు దాన్ని కొన్న అతని అక్క భర్త. స్టీరింగు వెనుక, ఇంజనులో లోపముందని చెప్పే పసుపు లైటు వెలుగుతూనే ఉంది.

“రేపు టెక్కలిలో పొగ పరీక్ష, బామ్మర్దీ. ఆ లైటు ఆర్పీ.”

“స్కానరు మిషను పెట్టి నొక్కితే లైటు ఆరిపోతాది బావా. ఇంజన్ల జబ్బు అలాగే ఉంటాది. దార్లోనే మళ్ళీ ఎలగొచ్చు.”

“మెల్లగా తోల్తాను.”

“మెల్లగా తోలినావని లైటు మొగమాటపడతాదేటి?”

“నవ్వకు. పరీక్ష పోతే కారు రోడ్డెక్కనీరు. మీ అక్కని డయాలసిస్‌కి ఎలా తీసుకెల్లేది?”

“అక్క కాళ్ళు వాసినప్పుడూ ఇంతే సేసినావు. మాత్రలు తెచ్చినావు. వాపు తగ్గిందని రక్తపరీక్ష మానిపించినావు.”

బావ బోనెట్టు మీద చెయ్యి వేశాడు.

“బాగుసెయ్యడానికి ఎన్నాళ్ళు?”

“రెండ్రోజులు. రేపు అక్కని డయాలసిస్‌కి నేను ఆటోలో తీసుకెల్తాను.”

“పరీక్ష?”

“ఆనక ఎల్దువుగాని. మిషను పెట్టీమంటావేటి?”

“వద్దు. బోనెట్టెత్తు. లైటు ముట్టుకోకు. ఇంజను బాగయ్యాక దానంతటదే ఆరాలి. నేను ఇక్కడే కూకుని సూత్తాను.”