టాలివర్‌ని ఇచ్చేశారు

ఒహాయోలో మూతబడ్డ ఉక్కు ఫ్యాక్టరీ ఎదుటి కాఫీ కొట్లో ఇద్దరు పాత స్నేహితులు కూర్చున్నారు. రేడియోలో అమెరికన్ ఫుట్‌బాల్ వార్తలు అప్పుడే అయిపోయాయి.

“విన్నావా వెండెల్? టాలివర్‌ని వేరే జట్టుకిచ్చేశార్రా! బంతి చంకలో పెట్టుకుని నలుగుర్ని ఈడ్చుకుంటూ పరిగెత్తేవాణ్ణి!”

“ఊరికే ఇచ్చారా? బదులుగా రెండేళ్ల తర్వాత కాలేజీ కుర్రాళ్లని ఏరుకునేటప్పుడు ముందు వంతు మనదే.”

“మన ఖర్మకి మళ్లీ ఏ కుంటిగుర్రాన్నో ఏరుకొస్తారు.”

“టాలివర్ మోకాలు మాత్రం ఏం బాగుంది? కొత్తగా జట్టు కట్టాలంటే ఓపిక పట్టాలి. రెండేళ్లెంతలో గడుస్తాయి!”

“నీకు గడుస్తాయి.”

వెండెల్ కప్పులో చెంచా తిప్పడం ఆపేశాడు. పొద్దున ఆసుపత్రికి వీడికి తోడు వెళ్లింది తనే. డాక్టరు మాట పక్కనే కూర్చుని విన్నాడు.

“డాక్టర్లు అన్నవన్నీ జరుగుతాయట్రా?”

“చిన్నప్పట్నించీ చూస్తున్నా. మనవాళ్లు ఒక్కసారీ సూపర్ బౌల్ ఫైనల్ గుమ్మం తొక్కలేదు. టాలివరున్నాడు కదా, ఈ ఏడైనా చూసి పోదామనుకున్నాను.”

వెండెల్ కప్పు పక్కకి జరిపాడు. “ఆదివారం ఆటకి పోదామా?”

“ఓడిపోతార్రా.”

“ఓడిపోతారు,” అన్నాడు వెండెల్, అబద్ధమాడలేక. “మందపాటి కోటు వేసుకురా. అక్కడ గాలి కోసేస్తుంది.”