సేనాపతి నడికట్టు

మర్నాడు పొద్దున్నే భర్త రైలెక్కాలి. వేరే ఊళ్ళో సినిమా వేషాల పోటీ. స్పాంజి అట్టతో చేసి వెండిరంగు పూసిన సేనాపతి కవచంలో ఆయన నిలబడ్డాడు. నడుముకి నడికట్టు బిగిస్తున్న భార్య చేతిలో సూది.

“ఊపిరి బిగపట్టండి.”

“పట్టానే.”

“ఇదా పట్టడం? పొట్ట ఎక్కడిదక్కడే ఉంది.”

“అది కవచం.”

“కవచానికి బొడ్డుంటుందా? మీ కొలతలన్నీ ఇంతే. ఆ శిరస్త్రాణమూ చిన్నదైపోయిందని పడేస్తే ఉల్లిపాయలు పోసుకున్నాను. అయ్యో, నవ్వకండి, నవ్వకం... అదుగో! టిచ్ బటన్లు పటపటా ఊడాయి.”

“పోనీలే. వెల్‌క్రో పెట్టు.”

“నిన్న పెట్టానుగా. మీరు వంగి చెప్పులు తొడుక్కుంటుంటే పర్రుమంది. పక్కింటాయన మర్యాదగా అటు తిరిగాడు.”

“అది వెల్‌క్రో చప్పుడని చెప్పానుగా!”

“చెప్పారు. ఎవరు నమ్మారు?”

“అయితే అయస్కాంతాలు.”

“అవి పెట్టుకునే కదా మొన్న ఫ్రిజ్జుకి అతుక్కున్నారు! నేనొచ్చి ఊడదీసేదాకా దాన్ని కావలించుకునే ఉన్నారు. రేపు రైలుపెట్టెకి అతుక్కుంటే ఎవరు ఊడదీస్తారు?”

“మళ్ళీ రైలు దగ్గరికే వచ్చావా?”

“ఎవర్నైనా రైలెక్కించి రావడం నాకు చేతకాదండీ. ఇంటికొచ్చి రెండు కంచాలు పెడతాను. ఒకటి మళ్ళీ తీసి లోపల పెట్టాలి...”

“రమ్మంటే జనమంటే భయమంటావు. పోతానంటే కంచాలంటావు. రెండు రోజులేనే!”

“సరే, సరే. ముందువైపు గట్టిగా ఓ బకిల్ కుట్టేస్తాను.”

“బకిలా! సినిమాలో ఎక్కడైనా బకిల్ కనిపించిందా? జడ్జీలు బొమ్మ ఆపి ఆపి పోల్చి చూస్తారు. ముందు గీత కనబడ్డా మార్కులు పోతాయి.”

“పక్కన?”

“పక్కనా కనబడకూడదు.”

“వెనక?”

“వెనక ఎర్ర శాలువా వేలాడుతుంది. ఏమున్నా కనబడదు.”

“ఇంకేం! జాకెట్టు హుక్కులు, రెండు వరసలు. ఏనుగు లాగినా ఊడవు.”

“వెనక్కి నా చెయ్యి అందదే.”

“అందదా? అయ్యయ్యో!”

“ఎందుకంత సంతోషం?”

“సంతోషమేముంది? వీపు గోక్కోడానికే గరిటె అడుగుతారు, హుక్కులెలా పెట్టుకుంటారా అని.”

“పక్కనున్నవాణ్ణి పెట్టమంటాను.”

“వాడి చేతులకీ తొడుగులుంటాయిగా. ఇంత చిన్న హుక్కు దొరుకుతుందా? దీనికి అలవాటున్న చెయ్యి కావాలి.”

“ఎవరి చెయ్యో?”

“నాకేం తెలుసు? తలుపు వెనక సంచీ మాత్రం సర్దిపెట్టుకున్నాను. ఊరికే.”

“ఊరికేనా?”

“వెటకారం చాలు. రమ్మంటారా, వద్దంటారా?”

“సినిమాలో యుద్ధానికి ముందు సేనాపతికి నడికట్టు ఎవరు బిగిస్తారో చూశావా?”

“ఆ సీను వచ్చేసరికి నాకు నిద్ర ముంచుకొస్తుంది.”

“అంగరక్షకుడు. వెనక నిలబడి, హుక్కులతో.”

“హుక్కులా? మీకు ముందే తెలుసా? మరి ఇన్నాళ్ళూ ఆ టిచ్ బటన్లూ, వెల్‌క్రో, ఫ్రిజ్జూ...”

“ఫ్రిజ్జుకి మాత్రం నిజంగానే అతుక్కున్నాను.”

“ఎంత నాటకం! వస్తాననుకోండి, ఆ అంగరక్షకుడికీ వేషం ఉండాలి కదా? ఇప్పటికిప్పుడు నా తలకి సరిపడేది ఎక్కణ్ణించి తెస్తారు?”

“ఆ శిరస్త్రాణం కొలత తప్పి చిన్నదవలేదే. లే, ఉల్లిపాయలు తీసేసి కడుగు.”