చప్పుడు చేసే ట్రక్కు

మోంటానాలో ఒక ఆదివారం. తండ్రి పోయాక తనకొచ్చిన పాత పికప్ ట్రక్కును తల్లి ఇంటి ముందు జాకీ మీద ఎత్తి, కొడుకు దాని కిందికి దూరాడు.

“ఈ రబ్బరు బుష్‌లు పూర్తిగా అరిగిపోయాయమ్మా. కొత్తవి వేస్తే ఇక కిర్రుమనదు.”

“కిర్రుమంటే నీకేం పోయిందిరా? మీ నాన్న ఉన్నప్పుడూ అంతేగా.”

“నేను వంతెన దగ్గరుండగానే నీకు వినిపిస్తుంది కదూ?”

“మంచిదేగా. కాఫీ పెట్టి ఉంచుతాను.”

“నువ్వు కాఫీ పెడతావు. ఆలోగా పక్కింటి ఆర్విల్ గారు వెనక కంచె దూకి వెళ్లిపోతారు.”

తల్లి వంగి ట్రక్కు కిందికి చూసింది.

“నీకెప్పట్నుంచి తెలుసు?”

“ఈస్టర్ నాడు ఆయన టోపీ కంచెకి వేలాడుతుంటే చూశాను. డెబ్బై ఏళ్లాయనకి ఆ దూకుళ్లేంటమ్మా, మోకాలు విరుగుతుంది. వచ్చే ఆదివారం చప్పుడు లేకుండా వస్తా. ఆయన్ని భోజనానికి కూర్చోబెట్టు.”

“వచ్చే ఆదివారం దాకా ఎందుకు? పొద్దుట్నుంచీ ఆ కొట్టం వెనకే నిలబడున్నాడు. బోల్టు పట్టుకోవడానికి పిలవనా?”