చెయ్యి పడని వైద్యం

రోయి-ఎట్ దగ్గర థాయ్ పల్లెలో బౌద్ధ విహారం అరుగు. పొద్దుటి భిక్ష ముగిసింది. డాక్టర్ రచనీ, పెద్దస్వామి.

"ఇంకాస్త వెనక్కి జరుగు రచనీ, నీ పైబట్ట నా చాప మీద పడుతోంది."

"జరిగాను స్వామీ. రేపు వైద్యమండలి వాళ్లు వస్తున్నారు, మీ దగ్గరికే."

"రానీ. టీ ఇద్దాం."

"టీకి కాదు, నా లైసెన్సుకి వస్తున్నారు. రోగిని చేత్తో పరీక్షించకుండా గంజాయి నూనెకి చీటీ రాశానని కేసు. రుజువైతే రెండేళ్లు వైద్యం చెయ్యకూడదు."

"ఏ రోగిని?"

"మిమ్మల్నే."

"నన్నా? గంటసేపు చూశావు కదమ్మా. నాలుక చూశావు, నడిపించావు, నొప్పెక్కడో నా వేలితోనే చూపించమన్నావు."

"చూశాను. తాకలేదు."

"ఎలా తాకుతావు? నేను భిక్షువుని, నువ్వు ఆడమనిషివి. మందు సీసా కూడా చేతికివ్వకుండా నేను పరిచిన గుడ్డ మీదే పెట్టావు."

"వాళ్ల కాగితంలో గుడ్డ లేదు స్వామీ. పొట్ట నొక్కి చూశారా, లేదా, అంతే."

"మగ డాక్టరు దగ్గరికి పంపాల్సింది."

"బండెక్కలేని మనిషిని పట్నం ఎలా పంపను? మీ పొట్ట స్కాను కాగితం అప్పటికే నా ఎదురుగా ఉంది. అయినా జిల్లాలో గంజాయి చీటీ రాసేది నేనొక్కదాన్నే. మిగతావాళ్లకి ఆ పేరంటేనే భయం."

"మన పులుసుల్లో ఆ ఆకు పడనిదెప్పుడు? నీ నూనెతో నాకు మత్తెక్కిందేమోనని ఊరి ఆడవాళ్లు నా ఉపదేశంలో నవ్వులు లెక్కపెట్టారట."

"ఎన్నొచ్చాయి?"

"రెండు. రెండూ వాళ్లవే."

"రేపేం చెప్తారు స్వామీ?"

"ఉన్నదే. తాకలేదని."

"పోనీ... నాడి ఒక్కటి చూసిందని?"

"యాభై మూడు వానాకాలాలు ఈ కాషాయంలో గడిపాను రచనీ."

"వద్దులెండి. అడిగినందుకు నాకే సిగ్గుగా ఉంది."

"ఇంతకీ ఫిర్యాదు ఎవరిది? ఆ మందులకొట్టు సోమ్‌చిత్‌దా?"

"పేరు చెప్పరు. ఉత్తరంలోంచి ఒక్క వాక్యం పంపారు. 'ఈ డాక్టరు రోగి మీద చిటికెనవేలైనా పడనివ్వకుండా మందు రాసింది.'"

"అయ్యో, అదా!"

"ఏమిటి స్వామీ?"

"దాని తరవాతి వాక్యం పంపలేదా?"

"తరవాత ఇంకోటి ఉందని మీకెలా తెలుసు?"

"'ఇంత నియమం గల డాక్టరుకి ఈ ఏడు సన్మానం చెయ్యండి' అని రాశానమ్మా."