అంచున ప్రశ్నార్థకం

ప్రెస్సులో ప్రూఫులు దిద్దే గది. పెళ్ళయి నెల తిరగని భర్త ధర్మగ్రంథం పైకి చదువుతుంటే, భార్య అచ్చు కాగితంతో సరిచూస్తోంది.

“ఆగండాగండి! పన్నెండో పేజీలో దేవుడు ఎప్పటికీ విడిచిపెట్టనని మాటిచ్చాడు. ఇక్కడేమో మాట వినకపోతే విడిచిపెడతానంటున్నాడు. అంచున ప్రశ్నార్థకం పెట్టేశాను.”

“దేవుడికే తప్పులు దిద్దుతున్నావా తల్లీ! మన పని అక్షరాలు చూడటం.”

“నవ్వకండి. ఇంతకీ ఏది నమ్మాలి?”

“నువ్వే చెప్పు. పెళ్ళిరోజు నాతో ఏమన్నావు?”

“చచ్చేదాకా మీతోనే ఉంటానన్నాను.”

“మరి నిన్న?”

“తడి తువ్వాలు మళ్ళీ మంచం మీద పడేస్తే పుట్టింటికి పోతానన్నాను.”

“నేను ఏది నమ్మాలి?”

“మొదటిదే! రెండోది మీరు దారికి రావాలని అన్న మాట. నిజంగా పోయేదాన్నే అయితే ముందుగా చెప్తానా?”

“ఏమో. పొద్దున్న నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు, అటక మీద నీ పెట్టె ఉందో లేదో రెండుసార్లు చూశాను.”

“అయ్యో రామా! అందుకేనా ఇవాళ సగం వాక్యాలు మింగేస్తున్నారు?”

“మరి భయం ఉండదా?”

“చాల్లెండి. కుర్చీ ఇటు లాక్కోండి. ఇంకా దగ్గరికి. ఇప్పుడు చదవండి, ఒక్క ముక్క కూడా మింగకుండా.”