దారి వైపు సగం

ఆ వంపు దగ్గర రేకు మీద పేరా? నెట్టీ హాగెన్‌ది. ఇటు కూర్చో టెస్సా, ఆ కుర్చీ వద్దు, కాలు ఊగుతుంది. రేపు కార్చిచ్చు పాకకుండా ఊరంతా కలిసి పొదలు కొట్టే రోజున ఆవిడ గురించి నాలుగు ముక్కలు మాట్లాడమని అడగడానికేగా వచ్చావ్? తెలుసులే. ఏటా ఎవరో ఒకరు వస్తారు. పక్కింటి మెర్ల్‌కి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది అంటారు. నిజమే, తెలుసు. తెలిసే ఇన్నేళ్లూ నోరు మూసుకుని, మొదటి కొమ్మ కొట్టేసి ఇంటికొచ్చేస్తున్నా. కాఫీ తాగు, వేడిగా ఉంది.

ముప్పై ఏళ్లు ఈ లోయలో స్కూలు బస్సు నడిపింది నెట్టీ. ఏ ఇంట్లో ఎంతమంది పిల్లలో, ఏ గుమ్మం ముందు ఏ చెట్టుందో వేళ్ల మీద చెప్పేది. బస్సు మానేశాక మోటారు రంపం పట్టి, ఇళ్ల చుట్టూ నిప్పంటుకునేవేవీ ఉండకూడదని గుమ్మం గుమ్మం తిరిగింది. అబ్బ, ఏం నోరమ్మా అది! “ఏమయ్యా, వరండా కింద కట్టెలు పేర్చావు, నిప్పుకి పక్క వేసి రమ్మంటున్నావా?” అని ఒకడిని. “చూరు కాలవలో పైన్ చెట్టాకులు ఎన్నేళ్లవి తల్లీ, పెళ్లినాటివా?” అని ఇంకొకామెని. ఆవిడ ట్రక్కు చప్పుడు వింటే జనం లైట్లు ఆర్పేసి ఇంట్లో లేనట్టు కూర్చునేవాళ్లు. మరి ఆ పోరు పడలేక, మంచు పడేలోపు చెప్పిందల్లా చేసేసేవాళ్లు కూడానూ. నేను తప్ప.

మాకిద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఎందుకంటే, నవ్వకు, మా చిన్నవాడు ఒకసారి రెండు నిమిషాలు ఆలస్యమయ్యాడని వాణ్ణి మంచులో వదిలేసి బస్సు పోనిచ్చింది. వాడికి పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టినా నాకు ఆ కోపం పోలేదు. ఇక్కడ, ఈ గుమ్మం దగ్గర్నుంచి కిందకి దిగి, దారి పక్కనే ఆ వంపు దాకా జునిపర్ పొదలుండేవి. మా అమ్మ నాటింది. పైకి నవనవలాడుతూ పచ్చగా ఉంటాయి, లోపల చెయ్యి పెడితే ఎండుటాకు గలగలలాడుతుంది, వేళ్లకి నూనె వాసన. నిప్పు పడితే కిరసనాయిలు పోసినట్టే. అది నాకు తెలియదా? తెలుసు. ఆవిడ ఇల్లు మా పైన, వంపు దాటాక; కిందకి దిగాలంటే పై వాళ్లకి ఈ ఒక్కటే దారి. ఆ పొదలుంటే ఆవిడ మొహం నాకు కనపడదు. అందుకే ఉంచా. ఏడేళ్లు అడిగింది, ఏడేళ్లూ గోడకి చెప్పినట్టే.

ఆ జులైలో నా భార్య ఐలీన్‌కి పిత్తాశయం ఆపరేషన్. పట్నంలో ఆసుపత్రి. ఎనిమిదో రోజున బట్టలకని ఇంటికొచ్చా. చూద్దును కదా, గుమ్మం నుంచి కట్టెల కొట్టం దాకా పొదల్లేవు. మొదళ్లే! నెట్టీ అక్కడే ఉంది, చేతులంతా గీరుకుపోయి, ఒంటరిగా కొమ్మలు లాగుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. “మా అమ్మ చెట్లే అవి! ఇంకో కొమ్మ మీద రంపం పెట్టావంటే షెరిఫ్‌ని పిలుస్తా!” అని అరిచా. ఆవిడ రంపం ఆపింది. ఏనాడూ తప్పు ఒప్పుకోని మనిషి, ఆరోజు ఒప్పుకుంది. “అడక్కుండా కొట్టడం తప్పే మెర్ల్. ఐలీన్ ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఇల్లన్నా భద్రంగా ఉండాలని ఇంటి దగ్గర్నుంచి మొదలెట్టా. ఇంక దారి వైపు ఉంది. రెండ్రోజుల పని. అది అడుగుతున్నా, కొట్టనియ్యి” అంది. అడిగింది టెస్సా. ఆవిడ గొంతులో అడగడం అంతకుముందు నేను వినలేదు. నేను వద్దన్నా. ఒక్క మాట. వద్దు. ఆవిడ రంపం భుజాన వేసుకుని పైకెళ్లిపోయింది.

అయిదు రోజులు గడిచాయి. పైన ఎవరో మిషనుతో గడ్డి కోస్తుంటే బ్లేడు రాయికి తగిలి రవ్వ లేచిందట, అంతే. నేను ఆసుపత్రి నుంచి వస్తుంటే వంపు కింద షెరిఫ్ ఆఫీసు కుర్రాడు ఆపేశాడు. గాలి పైనించి కిందకి. పగలు మూడింటికి దీపాలు పెట్టుకోవలసినంత పొగ. పై ఇంటి ముసలాయనా ముసలమ్మా కారులో దిగొచ్చి, “నెట్టీయే మమ్మల్ని లేపి పంపింది, వెనకే వస్తోంది” అన్నారు. వెనకే. సరిగ్గా అప్పుడు రవ్వలు వచ్చి పడ్డాయి దారి వైపు పొదల మీద. ఒకటి అంటుకుంటే వంపు దాకా ఒక్క ఊపున... దారి మీదకి వంగి మండింది. ఫైరింజను వాళ్లు గొట్టాలు విప్పుతున్నారు. “రెండు నిమిషాలు, రెండు నిమిషాలు” అంటున్నాడు వాళ్ల పెద్ద. మంటకి అవతల నెట్టీ ట్రక్కు హారన్ వినపడింది. పొడుగ్గా కొట్టింది. మళ్లీ కొట్టింది. తర్వాత పొట్టిగా, పొట్టిగా. ఆ తర్వాత లేదు.

మా ఇల్లు? ఇదిగో, కూర్చున్నావుగా. నిప్పు కట్టెల కొట్టం దాకా వచ్చి ఆ మొదళ్ల దగ్గర ఆగిపోయింది. నెట్టీ పుణ్యమా అని మెర్ల్ ఇల్లు మిగిలింది అని లోయంతా చెప్పుకున్నారు. ఆవిడ చెల్లెలు కోరా వచ్చింది. మొదళ్లన్నీ చూసుకుంటూ నడిచింది, కొట్టడం ఆగిపోయినచోట నిలబడింది. “మా అక్క పని సగంలో వదిలే మనిషి కాదు. దారి వైపు ఎందుకు వదిలేసిందండీ?” అని అడిగింది.

అలిసిపోయి ఉంటుందమ్మా అన్నా.

ఆ మాటే నిలబడిపోయింది. ఇరవయ్యారేళ్లుగా పొదలు కొట్టే రోజున పిల్లలకి చెబుతున్నారు చూడు, “నెట్టీలాగా అలిసిపోయి దారి వైపు వదిలెయ్యకండి” అని. పోయినేడు మైకులో నువ్వే చెప్పావ్. నీ తప్పేం లేదు, నీకెవరు చెప్పారు గనక. ఐలీన్‌కి కూడా చెప్పలేదు నేను, తను పోయేదాకా. ఆవిడ అలిసిపోలేదు టెస్సా. ఆవిడ అడిగింది.

అలా చూడకు. రేపు నన్ను మాట్లాడమంటే ఇదే మాట్లాడతా, ఇంకోటి రాదు నాకు. కోరా కూడా వస్తుందా? ఎవరు తీసుకొస్తున్నారు... ఊఁ. ముందు వరసలోనే కూర్చోబెట్టు. కాఫీ చల్లారిపోయింది, పారబోసి ఇంకోటి పోసుకో.